పట్టాల మీద టామ్ ఎందుకు కూర్చున్నాడు?

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్ళు. మా బాబుకి ఏడు. నేను చిన్నప్పుడు చూసిన కార్టూన్లన్నీ వాడికి చూపించాలని ఎంతో ముచ్చటపడ్డాను. రోజూ సాయంత్రం ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూసేవాళ్ళం. చూస్తున్నకొద్దీ నాకు కంగారు మొదలైంది. డోరేమాన్‌లో ఆ అమ్మాయి స్నానం చేస్తుంటే నోబితా లోపలికి వెళ్ళిపోతాడు. షిన్‌చాన్ వాళ్ళమ్మని అనే మాటలు, పెద్దమ్మాయిల వెంటపడటం... ఇవన్నీ చూసి నేను పడీ పడీ నవ్వానా అనిపించింది. పోయిన నెల 'టామ్ అండ్ జెర్రీ'లో ఒకటి వచ్చింది. టామ్ రైలు పట్టాల మీద తల వేలాడేసుకుని కూర్చుంటాడు. చివరికి జెర్రీ కూడా వెళ్ళి పక్కన కూర్చుంటాడు. రైలు కూత వినిపిస్తుంది. నేను చటుక్కున టీవీ కట్టేశాను. "అమ్మా, టామ్ అక్కడెందుకు కూర్చున్నాడు?" అన్నాడు వాడు. "ఊరికే, ఆడుకోవడానికి" అన్నాను. అప్పట్నుంచి రోజూ అదే అడుగుతున్నాడు. వీడియోల్లో వెతికితే ఇంకా భయమేసింది. నోబితా అసలు కోమాలో ఉన్నాడట, షిన్‌చాన్ ఎప్పుడో చనిపోయాడట. కార్టూన్లన్నీ ఆపేశాను. మావారు "మనమూ చూశాం, ఏం చెడిపోయాం?" అంటున్నారు. బాబు నాతో ముభావంగా ఉంటున్నాడు. నా చిన్నతనాన్ని ఎవరో మోసం చేసినట్టుంది. నేను అతి చేస్తున్నానా? మా అన్నయ్య మూడేళ్ళ క్రితం వదిననీ పిల్లల్నీ విడిచి, తనంతట తానే ఈ లోకం నుంచి వెళ్ళిపోయాడు. అందుకే నాకు ఎక్కువగా అనిపిస్తోందేమో. బాబుకి మామయ్య జబ్బుచేసి పోయాడని చెప్పాం.
— పేరు వద్దు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చెప్పాల్సింది చాలా ఉంది గానీ, అన్నిటికన్నా ముందు ఒక పని ఉంది. అది ఇవాళే చెయ్యండి. "ఊరికే, ఆడుకోవడానికి" అన్నారు చూశారా, ఆ మాట వెనక్కి తీసుకోండి. ఏడేళ్ళ పిల్లాడు అమ్మ మాటని అన్నదన్నట్టు నమ్ముతాడు. రైలు పట్టాలు ఆడుకునే చోటన్న ఊహ వాడి బుర్రలో ఒక్క పూట కూడా ఉండకూడదు. "ఆ రోజు నేను తప్పు చెప్పాను నాన్నా. పట్టాల మీద ఎవరూ కూర్చోకూడదు, ఆడుకోకూడదు. టామ్ ఎందుకు కూర్చున్నాడో నీకు నిదానంగా చెబుతాను" అంటే చాలు. అమ్మ తప్పు ఒప్పుకుందని పిల్లలు చులకన చెయ్యరు. రోజూ అడుగుతున్నాడంటే మీ జవాబు వాడికి అతకలేదన్నమాట. మీరు తడబడటం వాడు చూశాడు.

టీవీ కట్టేసినందుకు మాత్రం మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో మీరే ఉత్తరం చివర్లో రాశారు. అక్కడికి వస్తాను.

మీరు చూసిన ఆ కార్టూన్ పేరు 'బ్లూ క్యాట్ బ్లూస్'. 1956లో వచ్చింది. టామ్‌నీ జెర్రీనీ పుట్టించిన విలియం హన్నా, జోసెఫ్ బార్బెరాలే దాన్నీ తీశారు. నేను చిన్నప్పుడే చూశాను. చూసిన తర్వాత ఎన్నో ఏళ్ళపాటు నాకు అందులో గుర్తున్నది ఒక్కటే, ట్యాంకర్. టామ్ తను మనసుపడ్డ తెల్లపిల్లికి చిన్న సెంటు సీసా తెస్తాడు. అటునుంచి బుచ్ అనే డబ్బున్న పిల్లి ఏకంగా ట్యాంకర్ నిండా సెంటు తోలుకొస్తుంది. ఆ ట్యాంకర్‌ని తలుచుకుని తలుచుకుని నవ్వుకునేదాన్ని. పట్టాలు గుర్తులేవు. రైలు కూత అసలే గుర్తులేదు.

పెద్దయ్యాక మళ్ళీ చూసినప్పుడు ఒళ్ళు చల్లబడింది. టామ్ దాచుకున్న డబ్బంతా పెట్టి ఉంగరం కొంటాడు. దాని రాయి చూడాలంటే భూతద్దం కావాలి. బుచ్ తెచ్చిన ఉంగరం చూడాలంటే వెల్డింగ్ చేసేవాళ్ళ ముసుగు కావాలి, అంత మెరుపు. ఆఖరికి ఒక పాత డొక్కు కారు కోసం టామ్ తనని తానే 20 ఏళ్ళకి తాకట్టు పెట్టుకుని కాగితం మీద సంతకం చేస్తాడు. ఆ కారు మీదుగా బుచ్ కారు వెళ్ళిపోతుంది. తర్వాత టామ్ పాలు తాగుతూ కూర్చుంటాడు, గ్లాసు మీద గ్లాసు. చిన్నప్పుడు అవి పాలే. ఇప్పుడు ఆ గ్లాసుల్లో ఏముందో మీకూ నాకూ తెలుసు. మురిక్కాలవలో కొట్టుకుపోతుంటే జెర్రీయే పైకి లాగుతాడు. అంతలో ఆ తెల్లపిల్లీ బుచ్చూ పెళ్ళి చేసుకుని కారులో వెళ్ళిపోతుంటారు.

అప్పులు, పోటీ, తాగుడు, అవమానం. ఏడు నిమిషాల బొమ్మలో ఒక మనిషి కుంగిపోయే దారి మొత్తం ఉంది. ఇది పిల్లలకని తీసింది కాదు. ఆ కాలంలో 'టామ్ అండ్ జెర్రీ' సినిమాహాళ్ళలో అసలు సినిమాకి ముందు వేసేవారు. హాల్లో కూర్చున్నవాళ్ళలో అప్పు తీర్చలేనివాడూ ఉన్నాడు, ప్రేమలో ఓడినవాడూ ఉన్నాడు, వాళ్ళ పక్కన పిల్లలూ ఉన్నారు. ట్యాంకర్ పిల్లలకి, సంతకం పెద్దలకి. తర్వాతెప్పుడో అవన్నీ టీవీకొచ్చాయి. పిల్లల వేళల్లో వేశారు. బొమ్మలు కాబట్టి పిల్లలవే అనుకున్నాం.

మిమ్మల్ని ఎవరో మోసం చేశారన్న బాధ ఇక్కడే కొంత తగ్గాలి. మనం చిన్నప్పుడు చూసిన వాటిలో చాలా వాటి సంగతి ఇంతే. రాతియుగం కుటుంబాల కార్టూన్ 'ఫ్లింట్‌స్టోన్స్' 1960లో అమెరికాలో మొదలైనప్పుడు రాత్రిపూట, పెద్దవాళ్ళు టీవీ ముందు కూర్చునే వేళలో వేసేవారు. దానికి డబ్బు పెట్టినవాళ్ళలో సిగరెట్ల కంపెనీ ఉంది. అందులోని ఇరుగుపొరుగు స్నేహితులు ఫ్రెడ్, బార్నీ హాయిగా పొగ తాగుతూ ఆ సిగరెట్లని పొగిడే ప్రకటనలు కూడా తీశారు. ఆ సీరియల్లోనే 1963లో బార్నీ, అతని భార్య బెట్టీ తమకి పిల్లలు లేరని కుమిలిపోతారు. రాలే చుక్కని చూసి కోరుకుంటారు. తెల్లారేసరికి గుమ్మంలో ఒక బాబు ఉంటాడు, పెంచుకుంటారు. నాకు తెలిసిన దంపతులు ఏళ్ళపాటు మోసిన బాధ అది. చిన్నప్పుడు నాకు కనిపించింది మాత్రం ఆ బాబు దుడ్డుకర్ర తిప్పడమే.

షిన్‌చాన్ మీద మీకొచ్చిన అనుమానం కూడా సరైనదే. యోషితో ఉసుయి దాన్ని 1990లో మొదలుపెట్టింది జపాన్‌లో పెద్దవాళ్ళు చదివే బొమ్మల పత్రికలో. ఇంటి అప్పు, ఆఫీసు అలసట, మొగుడూపెళ్ళాల చిన్నచిన్న కీచులాటలు, వీటి మధ్య నోటికి అదుపులేని ఒక ఐదేళ్ళవాడు. చదివేవాళ్ళు నవ్వుకున్నది తమ సంసారాన్ని చూసుకుని. 1992లో టీవీకొచ్చాక పిల్లలు ఆ ఐదేళ్ళవాణ్ణి తమవాణ్ణి చేసుకున్నారు. అది మీవాడి వయసుకి ఇప్పుడే అక్కర్లేదనుకుంటే ఆపండి, అందులో అతి ఏమీ లేదు. "ఇది ఇంకొంచెం పెద్దయ్యాక చూద్దాం" అని చెప్పి ఆపండి. చెప్పకుండా మాయం చేస్తే పిల్లలకి అది దొంగచాటుగా చూడాల్సిన వస్తువైపోతుంది.

పెద్దల సంగతుల్ని పిల్లల బొమ్మల్లో దాచిపెట్టారు అనడం కూడా నాకు సరిపోదనిపిస్తుంది. కొందరు తమ బతుకులో మానని గాయాన్ని పిల్లల కథలో పెట్టారు, ఎందుకంటే ఆ గాయం తగిలింది వాళ్ళు పిల్లలుగా ఉన్నప్పుడే. జపాన్ దర్శకుడు హయావో మియజాకి 1988లో తీసిన 'మై నైబర్ టోటోరో' అనే బొమ్మల సినిమా చూశారా? అందులో ఇద్దరు అక్కచెల్లెళ్ళ తల్లి ఆసుపత్రిలో ఉంటుంది. మియజాకి చిన్నతనంలో వాళ్ళమ్మ వెన్నెముక క్షయతో ఏళ్ళ తరబడి మంచాన ఉంది. సినిమాలో పెద్దపిల్ల సత్సుకి ఇంటిపనంతా నెత్తిన వేసుకుని, చెల్లికి జడవేసి, ధైర్యంగా తిరుగుతుంటుంది. ఆసుపత్రి నుంచి కబురొచ్చిన రోజున పక్కింటి అవ్వ ముందు నిలబడి, అమ్మ చచ్చిపోతే ఎలా అని ఒక్కసారిగా భోరుమంటుంది. చిన్నపిల్లలు ఆ సినిమా చూసి, అందులో పిల్లి ఆకారంలో ఉండే బస్సు గురించి మాట్లాడతారు. మొన్న నేను చూసినప్పుడు ఆ పిల్ల ఏడుపు దగ్గరే ఆగిపోయాను. రెండూ ఆ సినిమాలో ఉన్నాయి. ఎంత చెట్టుకు అంత గాలి.

మనకి ఊహ తెలియకముందే చెప్పిన ఏడు చేపల కథ మాత్రం? చేపా చేపా ఎందుకెండలేదు అంటే గడ్డిమోపు అడ్డమొచ్చిందంటుంది. గడ్డిమోపు ఆవు మీద చెబుతుంది, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద. అందరూ తప్పు పక్కవాళ్ళ మీదకి తోసేసేవాళ్ళే, ఒక్కరూ నాదని ఒప్పుకోరు. చివరికి చీమ ఒక్కతే ఉన్నమాట చెబుతుంది, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు ఆ కథ గుర్తొచ్చి ఉలిక్కిపడ్డాను. అమ్మ నాకు అన్నం తినిపిస్తూ చెప్పిన కథలో మా ఆఫీసు మొత్తం ఉంది. అమ్మ నన్ను మోసం చెయ్యలేదు కదా.

వీడియోల్లో చెప్పేవాటి గురించి ఒక్క మాట. నోబితా కోమాలో ఉన్నాడన్నదీ, షిన్‌చాన్ చనిపోతే వాళ్ళమ్మ క్రేయాన్లతో ఆ బొమ్మలు గీస్తోందన్నదీ ఎవరో పుట్టించిన పుకార్లు. ఆ కథలు రాసినవాళ్ళు అలాంటి ముగింపులు రాయలేదు. వాటిని మనసులోంచి తీసెయ్యండి.

ఇక మీ భయం గురించి. మీరు కార్టూన్లన్నీ ఆపేశానన్న చోట నాకు నేనే గుర్తొచ్చాను. 'ఫైండింగ్ నీమో' అనే చేపల బొమ్మల సినిమా వచ్చినప్పుడు మా అమ్మాయికి ఐదేళ్ళు. అంతకు ముందు నెలే తను పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ సినిమా మొదట్లోనే మార్లిన్ అనే తండ్రి చేప భార్యనీ, నాలుగొందలకు పైగా గుడ్లనీ పోగొట్టుకుంటాడు. ఒకే ఒక్క గుడ్డు మిగులుతుంది, అదీ చిట్లినది. దాన్ని రెండు రెక్కల మధ్య పట్టుకుని, నీకేమీ కానివ్వనని మాటిస్తాడు. మా అమ్మాయి పాప్‌కార్న్ తింటోంది. నాకు కళ్ళు కనబడలేదు. ఆ తర్వాత, ఆ గుడ్డులోంచి పుట్టిన కొడుకు నీమోని బడికి పంపాల్సిన రోజున మార్లిన్ ఇంట్లోంచి బయటికొస్తాడు, మళ్ళీ లోపలికెళ్తాడు, మళ్ళీ బయటికొస్తాడు, ఏమైనా ప్రమాదం ఉందేమోనని. హాలంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ పొద్దున నేను తలుపు గడియ మూడుసార్లు చూసి వచ్చాను.

నీమో పడవ దగ్గరికి ఈదుకుంటూ వెళ్ళింది ఎందుకో గుర్తుందా? తండ్రి అందరి ముందూ వద్దు వద్దని అరిచినందుకు, కోపంతో. వెళ్ళేముందు నువ్వంటే నాకిష్టం లేదని కూడా అనేస్తాడు. తర్వాత కథలో మార్లిన్ తన మాట గురించి చెప్పుకుంటుంటే డోరీ అనే మతిమరుపు చేప ఒక సంగతి చెబుతుంది. వాడికి ఏమీ కానివ్వకపోతే వాడి బతుకులో అసలేమీ జరగదు కదా అని. ఎన్ని పుస్తకాలు చదివినా ఎక్కని ముక్క నాకు అక్కడ ఎక్కింది.

అందులోనే సొరచేపలు గుండ్రంగా కూర్చుని, చేపలు మన స్నేహితులు, తిండి కాదని ప్రమాణం చేసుకుంటాయి. తాగుడు మానాలనుకునేవాళ్ళు పెట్టుకునే సమావేశాల్ని చూసి రాసిన సన్నివేశం అది. ఒక్క రక్తపు చుక్క వాసన తగలగానే వాటిలో బ్రూస్ అనే సొరచేప అన్నీ మరిచిపోయి మళ్ళీ మొదటికొస్తాడు. మా అమ్మాయికి అది సొరచేప వెంటపడే ఆట. తనకి ఇరవై రెండేళ్ళప్పుడు ఇద్దరం మళ్ళీ చూశాం. మా బంధువుల్లో తాగుడు మానలేకపోయిన ఒకాయన పేరు చెప్పి, "అమ్మా, ఇది ఆయన కదూ" అంది. అన్నేళ్ళూ ఆ సన్నివేశం తనకేమీ హాని చెయ్యలేదు. తన కోసం అక్కడే కాచుకుని ఉంది.

కాబట్టి లోతుల్లో ఉన్నవాటికి భయపడొద్దని చెబుతాను. అవి పిల్లల చేతికి అందే ఎత్తులో లేవు. నా అనుభవంలో మనం జాగ్రత్తపడాల్సినవి పైకి తేలి కనిపించేవి, పదే పదే వచ్చేవి, వెనక నవ్వుల మ్యూజిక్ ఉన్నవి. మీవారు "ఏం చెడిపోయాం?" అన్నారు కదా, ఆయన మాటలో సగం నిజముంది. మిగతా సగానికి మీ ఉత్తరంలో ఉన్న నోబితానే జవాబు. షిజుకా స్నానం చేస్తుంటే నోబితా వెళ్ళడం, ఆ పిల్ల కెవ్వుమనడం, నీళ్ళు చల్లడం, అందరం నవ్వడం. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. ఇందులో దాచిందేమీ లేదు. నాలుగేళ్ళవాడికి కూడా అర్థమవుతుంది, ఆడపిల్ల సిగ్గుపడితే అది నవ్వులాట అని. మనమూ అలాగే అర్థం చేసుకున్నాం, మనకి తెలియకుండానే. అలాంటివి చూసి పెరిగాక, ఎవరైనా అమ్మాయి తనకి జరిగింది చెబితే "దానికింత రాద్ధాంతమా" అనడం ఎంత తేలికో ఆలోచించండి. చెడిపోవడమంటే ఇంతకన్నా పెద్దగా కనిపించేదేమీ ఉండదు.

దీనికి కూడా డోరేమాన్ మొత్తాన్ని ఆపక్కర్లేదు. చచ్చిపోయిన నానమ్మని చూడ్డానికి నోబితా టైమ్ మెషీన్‌లో వెనక్కి వెళ్ళే కథ ఉన్నది కూడా అందులోనే. అది మీ బాబు చూడకపోతే వాడికే నష్టం. స్నానం సన్నివేశం వచ్చినప్పుడు బొమ్మ ఆపకండి, ఉపన్యాసం అసలొద్దు. "తలుపు తట్టి వెళ్ళాలి కదా, ఆ పిల్లకి ఎంత ఇబ్బందిగా ఉంటుంది" అని ఒక్క మాట మామూలుగా అనేసి చూస్తూ ఉండండి. నాలుగుసార్లు మీరంటే ఐదోసారి వాడే అంటాడు. పాత 'టామ్ అండ్ జెర్రీ'లలో ఇంటి పనిమనిషిగా ఒక నల్లజాతి స్త్రీ ఉంటుంది. మొహం దాదాపుగా కనబడదు, కాళ్ళూ గొంతూ మాత్రమే. ఆ గొంతుని వెటకారంగా వాడుకున్నారు. తర్వాత టీవీ కోసం కొన్నిచోట్ల ఆమె బదులు వేరే మనిషిని పెట్టారు. ఇంకొన్నాళ్ళకి ఆ కార్టూన్ల హక్కులున్న కంపెనీయే, ఇవి అప్పుడూ తప్పే ఇప్పుడూ తప్పే అని ముందు ఒక మాట వేసి, మార్చకుండా చూపించడం మొదలుపెట్టింది. నాకు ఆ రెండో పద్ధతే నచ్చింది. ఇంట్లో మీరు చెయ్యాల్సింది కూడా దాదాపు అదే.

ఇప్పుడు మీ అన్నయ్య సంగతి.

మీరు దాన్ని ఉత్తరం చివర, ఏదో మరిచిపోయింది రాసినట్టుగా రాశారు. నాకు మాత్రం ఉత్తరమంతా అక్కడి నుంచే మొదలైనట్టుంది. మీ వేలు రిమోట్ మీదకి వెళ్ళింది టామ్ కోసం కాదమ్మా. పట్టాల మీద తల వేలాడేసుకుని కూర్చున్న ఆ పిల్లిలో మీకు ఎవరు కనిపించారో నేను చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు అది మీకు కనిపించలేదంటే అప్పటికి మీకు ఆ నష్టం జరగలేదు కనుక. కనిపించకపోవడం మీ తప్పు కాదు, ఇప్పుడు కనిపించడం అతీ కాదు. మీ గురించి మీరు ఉత్తరంలో ఏమీ అడగలేదు. మూడేళ్ళుగా అన్నయ్య గురించి మనసు విప్పి ఎవరితోనైనా మాట్లాడారా? మాట్లాడకపోతే ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి. ఇలా పోయినవాళ్ళ కుటుంబాల్లో మిగిలినవాళ్ళు మోసే బరువు వేరు. "నేను ముందే కనిపెట్టి ఉంటే" అన్న మాట లోపల తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఒంటరిగా మొయ్యకండి.

బాబుకి చెప్పిన అబద్ధం గురించి కూడా నిజమే చెబుతాను. అప్పుడు వాడికి నాలుగేళ్ళు, మీరు దుఃఖంలో ఉన్నారు, నోటికొచ్చింది చెప్పారు. ఎవరైనా అంతే చేస్తారు. కానీ అది ఎప్పటికీ నిలిచే మాట కాదు. ఏదో ఒక రోజు చుట్టాల్లో ఎవరో గుసగుసగా అంటారు, లేదా మీ అన్నయ్య పిల్లలే చెబుతారు. ఆత్మీయుల్ని ఇలా పోగొట్టుకున్న పిల్లలతో పనిచేసేవాళ్ళు సాధారణంగా చెప్పేది ఒకటే. పిల్లల వయసుకి సరిపడే చిన్న మాటల్లో నిజం చెప్పాలి, అదీ ఇంట్లోవాళ్ళ నోటినుంచే వినాలి. బయటినుంచి వింటే పోయినవాళ్ళ బాధ ఒకటి, ఇంట్లోవాళ్ళు దాచారన్న బాధ ఇంకొకటి. మామూలు జబ్బుతో పోయాడని చెప్పడంలో ఇంకో చిక్కుంది. రేపు మీకు జ్వరమొచ్చినా వాడు బెదిరిపోతాడు.

ఈ రాత్రే చెప్పమని నేననను. ముందు మీ వదినతో మాట్లాడండి. ఆవిడ తన పిల్లలకి ఏం చెప్పిందో, మీవాడికి చెప్పడం ఆవిడకి ఇష్టమేనా, తెలుసుకోండి. మీవారితో ఒక మాట అనుకోండి. అయ్యాక, బాబు తీరిగ్గా ఉన్నప్పుడు, రాత్రి పడుకునే ముందు కాకుండా, ఇలా చెప్పొచ్చు: "మామయ్య మనసుకి చాలా పెద్ద జబ్బు చేసింది. బయటికి కనబడలేదు. ఆ బాధలో తన ప్రాణం తనే తీసుకున్నాడు. అది నీ వల్ల కాదు, నా వల్ల కాదు, అత్తయ్య వల్ల కాదు. మనసుకి అలాంటి జబ్బు చేస్తే నయం చేసే డాక్టర్లున్నారు. నీకెప్పుడైనా చాలా బాధగా ఉంటే నాకో నాన్నకో చెప్పాలి, మేం విసుక్కోం." ఎలా అన్నది చెప్పక్కర్లేదు. గుచ్చి అడిగితే, "అది నువ్వు పెద్దయ్యాక చెబుతాను" అనండి. వాడు విని వెంటనే ఆటకి పరిగెత్తవచ్చు. పట్టించుకోలేదని అనుకోకండి. పిల్లలు కొంచెం కొంచెంగా మింగుతారు. వారం తర్వాత స్నానం చేయిస్తుంటేనో, బడికి వెళ్తుంటేనో ఉన్నట్టుండి ఒక ప్రశ్న అడుగుతారు. అప్పుడు కూడా అదే జవాబు, అవే మాటలు. ఎప్పుడైనా వాడు చచ్చిపోతానన్నట్టు మాట్లాడినా, నిద్రా తిండీ తగ్గి ముడుచుకుపోయినా, చిన్నపిల్లాడి మాటలని కొట్టిపారెయ్యకుండా వెంటనే పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇదంతా అయ్యేవరకూ టామ్ ఆగడు, బాబు రోజూ అడుగుతున్నాడు కాబట్టి. దానికి ఇప్పటికిప్పుడు సరిపోయే జవాబు ఒకటుంది: "టామ్‌కి చాలా బాధేసింది. బాధలో తప్పుగా ఆలోచించాడు. అప్పుడు పక్కనెవరైనా ఉండి మాట్లాడాల్సింది." ఏడేళ్ళ ప్రశ్నకి అంత జవాబు చాలు. ముందు వాడికి ఏమనిపించిందో అడగడం మరిచిపోకండి. బహుశా వాడిది మీరనుకున్న ప్రశ్న కాకపోవచ్చు. రైలొచ్చిందా రాలేదా, తర్వాతి కథలో టామ్ ఎలా వచ్చాడు అన్నదే వాడి అనుమానం కావచ్చు. మీరు చటుక్కున కట్టేశారు కనుకే అది వాడికి అంత పెద్దదై ఉండవచ్చు.

నేనైతే కొన్నాళ్ళ తర్వాత, వదినతో మాట్లాడి, బాబుకి చెప్పడం కూడా అయ్యాక, మీ మనసు కాస్త నిలదొక్కుకున్నప్పుడు, అదే కార్టూన్ వాడితో కలిసి మళ్ళీ చూస్తాను. మీకు వల్లకాదనిపిస్తే మీవారిని కూర్చోమనండి, లేదా చూడకుండా కథగా మాట్లాడుకోండి. ఆ కథలో నన్ను బాధపెట్టేది టామ్ కన్నా జెర్రీ. వంతెన మీద కూర్చుని, కింద స్నేహితుడు ఉన్న స్థితి చూస్తూ, మనకి కథంతా చెబుతాడే గానీ దిగి వెళ్ళి లేపడు. అంతకు ముందు మురిక్కాలవలోంచి లాగింది వాడే. తన ప్రియురాలు కూడా వేరే ఎలకని పెళ్ళి చేసుకుందని తెలిశాక మాత్రం దిగి వచ్చి పక్కన కూర్చుంటాడు. మీ బాబుతో మాట్లాడాల్సింది అక్కడ. "నువ్వు జెర్రీవైతే ఏం చేసేవాడివి?" అని అడిగి మీరు ఊరుకోండి.

మా అమ్మాయిని ఎనిమిదేళ్ళప్పుడు ఇదే అడిగాను. చాలాసేపు ఆలోచించింది. "ముందు తోక పట్టుకుని పట్టాల మీంచి లాగేస్తా. తర్వాత పోట్లాడతా. పోట్లాడుతుంటే వాడు మర్చిపోతాడు" అంది. "అప్పటికీ మర్చిపోకపోతే?" అన్నాను. "అయితే పెద్దవాళ్ళని పిలుస్తా" అంది.

మీవాడు ఏమన్నాడో నాకు రాయండి. వదినతో మాట్లాడాక మీరెలా ఉన్నారో కూడా.